కాఫీ తొక్కతో గ్యాస్ వస్తుంది, కర్ర పొట్టుతో రాదు
మన్యం వ్యర్థాల బేరానికి దిగేముందు వర్తకులు వేసుకోవలసిన లెక్కలు

విశాఖ మన్యం నుంచి మైదానానికి దిగివచ్చే సరకులు ఏవో వర్తకులకు కంఠోపాఠమే. కాఫీ, మిరియాలు, పసుపు, పిప్పళ్లు, రాజ్‌మా, వలిసెలు, అల్లం, చింతపండు మొదలైనవన్నీ ఏళ్ల తరబడి అలవాటైన సరకులు. ఈ జాబితాలో మరొకటి చేరగలదా అన్న ప్రశ్న ఇప్పుడు ముందుకు వచ్చింది. అది పంట కాదు, పంట చేతికి వచ్చిన తర్వాత మిగిలే వ్యర్థం. పల్పర్ కింద కుప్పపడే కాఫీ పండ్ల తొక్క, కళ్లంలో మిగిలే వరి, చోడి గడ్డి, మొక్కజొన్న కండెలు, సిల్వర్ ఓక్ కోతలో రాలే రంపపు పొట్టు, కొమ్మలు ఈ కోవలోకి వస్తాయి. వీటితో గ్యాస్ తయారు చేయవచ్చునని, ఆ గ్యాస్‌కు మంచి గిరాకీ ఉన్నదని వినవచ్చే మాటలో కొంత నిజమున్నది. అయితే ఏ వ్యర్థంతో ఏ గ్యాస్ వస్తుంది, ఎంత వస్తుంది, కిరాయి పోగా ఏమి మిగులుతుంది అన్నవి వేరు వేరు లెక్కలు. వీటిని ఒకటిగా కలిపి బేరానికి దిగినవారికి నష్టం తప్పదు.

గిరాకీ వచ్చిన దారి

గోబర్ గ్యాస్ మన దేశానికి కొత్త కాదు. బొంబాయిలోని మాతుంగా కుష్ఠురోగుల ఆశ్రమంలో 1897లోనే వ్యర్థాల నుంచి గ్యాస్ తీసి వాడారు. ఖాదీ కమిషన్ 1960 దశకంలో తేలే డ్రమ్ము నమూనాను ఊరూరా ప్రచారం చేసింది. కేంద్ర ప్రభుత్వం 1981-82లో జాతీయ బయోగ్యాస్ పథకాన్ని ప్రారంభించింది. ఇటుకలతో భూమిలోనే గుమ్మటంలా కట్టే దీనబంధు నమూనా 1984లో వచ్చింది. తూర్పు కనుమలలోనే, ఒడిశాలోని గంజాం జిల్లా కేంద్రంగా పనిచేసే గ్రామ్ వికాస్ సంస్థ 1980 దశకం మధ్య నుంచి పదేళ్లలో ఆ రాష్ట్రంలో యాభై వేలకు పైగా గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టించింది. అప్పటి గ్యాస్ అంతా ఇంటి పొయ్యికే పరిమితం. దానికి బజారు ధర అంటూ లేదు.

2018 అక్టోబరులో పరిస్థితి మారింది. కేంద్రం ప్రారంభించిన సతత్ పథకం కింద, శుద్ధి చేసి సిలిండర్లలో ఒత్తిడితో నింపిన బయోగ్యాస్‌ను చమురు కంపెనీలు కిలో రూ.46 చొప్పున, పన్ను అదనంగా, కొంటామని ముందుకు వచ్చాయి. ఆ ధర తర్వాత సవరణకు గురైంది. కొనేవాడు, ధర, ప్రమాణం మూడూ ఏర్పడడంతో గ్యాస్ సరకుగా మారింది. శుద్ధి చేసిన గ్యాస్‌లో మీథేన్ 90 శాతానికి తగ్గరాదని భారతీయ ప్రమాణం చెబుతున్నది. దీనికి తోడు నగరాలలో గ్యాస్ పంపిణీ చేసే సంస్థలు వాహనాలకు, ఇళ్లకు అమ్మే గ్యాస్‌లో కొంత భాగం ఈ గ్యాస్‌ను కలపవలసి ఉంటుందని 2023 నవంబరులో కేంద్రం ప్రకటించింది. ఆ ప్రకటన ప్రకారం 2025-26లో 1 శాతం, 2026-27లో 3 శాతం, 2027-28లో 4 శాతం, 2028-29 నుంచి 5 శాతం కలపాలి.

ఆంధ్ర ప్రదేశ్‌లో రూ.65,000 కోట్లతో 500 ప్లాంట్లు పెట్టేందుకు రిలయన్స్ సంస్థ 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది. తొలి ప్లాంటుకు 2025 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లా దివాకరపల్లిలో శంకుస్థాపన జరిగింది. గమనించవలసిన విషయమేమంటే ఈ ప్లాంట్ల లెక్క బంజరు భూములలో పెంచే నేపియర్ గడ్డిపై ఆధారపడినది. మైదానంలో ఒకచోట పెంచి, అక్కడే కోసి, అక్కడే వాడే గడ్డి లెక్క వేరు. కొండ మీద ఊరూరా చెదిరి ఉన్న వ్యర్థాల లెక్క వేరు.

గ్యాస్ తయారయ్యే తీరు

గాలి చొరబడని తొట్టెలో పేడగాని, ఆకుకూళంగాని నీళ్లతో కలిసి ఉన్నప్పుడు సూక్ష్మజీవులు దానిని దశలవారీగా తింటాయి. మొదటి రకం జీవులు పిండి పదార్థాన్ని, పీచును విడగొట్టి ఆమ్లాలుగా మారుస్తాయి. రెండవ రకం జీవులు ఆ ఆమ్లాల నుంచి మీథేన్ తయారు చేస్తాయి. ఇలా వచ్చే గ్యాస్‌లో 55 నుంచి 60 శాతం మీథేన్ ఉంటుంది. మిగిలినదంతా దాదాపు బొగ్గుపులుసు వాయువే. కొద్దిపాటి గంధక వాయువు కూడా ఉంటుంది. ఇంజన్లను, పైపులను తినివేసేది ఈ గంధక వాయువే.

ఖాదీ కమిషన్ నాటి నుంచి వాడుకలో ఉన్న లెక్క ప్రకారం 25 కిలోల పచ్చి పేడ 1 ఘనపు మీటరు గ్యాస్ ఇస్తుంది. అంత గ్యాస్ 0.43 కిలో వంటగ్యాస్‌కు, లేదా 0.62 లీటరు కిరోసిన్‌కు, లేదా సుమారు మూడున్నర కిలోల వంటచెరకుకు సమానం. అంటే 14.2 కిలోల వంటగ్యాస్ సిలిండరు ఒకటికి సుమారు 33 ఘనపు మీటర్ల గ్యాస్ సరితూగుతుంది. పేడ అయితే 8 క్వింటాళ్లకు పైగా కావాలి. వ్యర్థం ఏదైనా సరే, దాని బేరాన్ని ఈ సిలిండరు లెక్కలోకి మార్చి చూసుకోవడం వర్తకులకు సులువైన పద్ధతి.

కర్రకు ఈ తొట్టెలో చోటు లేదు

వ్యవసాయ వ్యర్థం, కర్ర వ్యర్థం అని జంటగా చెప్పడం పరిపాటి అయింది. తొట్టె విషయంలో ఈ జంట కుదరదు. కర్రకు గట్టితనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థం అందులో ఇంచుమించు నాలుగో వంతు ఉంటుంది. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులకు అది కొరుకుడు పడదు. పైగా జీర్ణం కాగల పీచు చుట్టూ అది తాపడంలా అంటుకుని ఉంటుంది. అందుచేత రంపపు పొట్టును తొట్టెలో పోస్తే నెలల తరబడి పొట్టుగానే తేలుతుంది. గ్యాస్ పైకి రాకుండా అట్ట కడుతుంది, గొట్టాలను పూడుస్తుంది.

నత్రజని కొరత మరొక ఇబ్బంది. సూక్ష్మజీవులకు కర్బనం 20 నుంచి 30 వంతులకు నత్రజని ఒక వంతు ఉండాలి. పేడ ఈ పరిధిలోనే ఉంటుంది. వరిగడ్డిలో కర్బనం 70 వంతులు దాటుతుంది. రంపపు పొట్టులో 200 వంతులకు పైనే. గడ్డిని చిన్న ముక్కలుగా కొట్టి, నానబెట్టి, పేడతో కలిపితే దారికి వస్తుంది. పొట్టు రాదు. కొమ్మలు, రంపపు పొట్టు బయోగ్యాస్‌కు కావాలని ఎవరైనా బయానా ఇవ్వజూపితే, వారి యంత్రం ఏ రకమో ముందుగా తెలుసుకోవడం మంచిది.

కాఫీ తొక్క ధర ఎంత?

మన్యం వ్యర్థాలలో తొట్టెకు నిజంగా పనికివచ్చేది కాఫీ తొక్క. 100 కిలోల కాఫీ పండ్లను పల్పర్‌లో వేస్తే సుమారు 40 కిలోల తొక్క వేరుపడుతుంది. అంతా ఎండి, పొట్టు పోయిన తర్వాత చేతికి దక్కే గింజ 18 కిలోలకు కొంచెం అటూఇటూ. అంటే మార్కెట్టుకు వచ్చే కాఫీకి రెండింతలకు పైగా తొక్క కొండ మీదే మిగులుతున్నది.

తొక్కలో తీపి పదార్థం ఉన్నది, పీచు మెత్తన. కాబట్టి త్వరగా పులుస్తుంది. కాని అందులో 80 శాతం నీరే. టన్ను తొక్కలో ఘనపదార్థం 2 క్వింటాళ్లు మాత్రమే. కిలో ఘనపదార్థానికి పావు ఘనపు మీటరు చొప్పున వేసుకుంటే టన్నుకు 50 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తుంది. ఇది వంటగ్యాస్ 21 కిలోలకు, అంటే ఒకటిన్నర సిలిండర్లకు సమానం. శుద్ధి చేసి సిలిండర్లలో నింపితే సుమారు 20 కిలోలు తూగుతుంది. 2018 నాటి కిలో రూ.46 ధర వేసుకుంటే టన్ను తొక్కకు వచ్చే మొత్తం రాబడి రూ.920. ధర మారినప్పుడు ఇరవై కిలోలను కొత్త ధరతో హెచ్చవేసుకుంటే చాలు. ఈ మొత్తంలోనే ప్లాంటు వడ్డీ, కరెంటు, కూలి, శుద్ధి ఖర్చు, సిలిండర్ల అరుగుదల, కిరాయి అన్నీ సరిపెట్టుకోవాలి. రైతుకు ఇవ్వవలసినది కూడా ఇందులోనే.

ఘాట్ దిగితే మిగిలేది

అరకు నుంచి విశాఖపట్నానికి రోడ్డున 110 కిలోమీటర్లకు పైగా ఉన్నది. అందులో అనంతగిరి ఘాట్ మలుపులు ఉన్నాయి. 10 టన్నుల లారీకి తొక్క నింపితే అందులో 8 టన్నులు నీళ్లే. మిగిలిన 2 టన్నుల నుంచి రాగల గ్యాస్ విలువ పై లెక్క ప్రకారం రూ.9,200. ఘాట్ రోడ్డుపై 10 టన్నుల లారీ కిరాయి, ఎగుమతి దిగుమతి కూలి ఎంత పడతాయో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. తొక్కను లారీకి ఎత్తిన క్షణం నుంచి బేరం నీటికి కిరాయి కట్టడంగా మారిపోతున్నది. పైగా తొక్క నిలవ ఉండే సరకు కాదు. రెండు మూడు రోజులలోనే బూజు పట్టి, పులిసి, గ్యాస్ కావలసిన సారమంతా గాలిలో కలుస్తుంది.

ఎండుగడ్డి ఇబ్బంది దీనికి సరిగ్గా తిరగబడినది. టన్ను గడ్డిలో 8 క్వింటాళ్లకు పైగా ఘనపదార్థం ఉన్నందున, బాగా ముక్కలు చేసి నానబెడితే 200 నుంచి 300 ఘనపు మీటర్ల గ్యాస్ ఇవ్వగలదు. కాని గడ్డి తేలిక. బరువు నిండకముందే లారీ నిండిపోతుంది. తొక్క బరువు దగ్గర దెబ్బ తీస్తే, గడ్డి జాగా దగ్గర దెబ్బ తీస్తుంది. అంతేగాక కొండ మీది గడ్డి వ్యర్థమేమీ కాదు. చోడి గడ్డి, వరిగడ్డి వేసవిలో పశువుల మేత. మేతకు పోయే గడ్డిని వ్యర్థంగా లెక్క కట్టడం పొరపాటు.

మొత్తం సరకు ఎంత?

ఒక్కొక్క లారీ లెక్క పక్కన పెట్టి, ఏజెన్సీ మొత్తాన్ని లెక్కించినా ఇదే తేలుతున్నది. ఆంధ్ర ప్రదేశ్ కాఫీ దిగుబడి దాదాపుగా అంతా ఈ కొండలదే. ఏటా 12 వేల టన్నుల గింజ అనుకుంటే, దాని వెనుక పండ్లు సుమారు 65 వేల టన్నులు. వాటినన్నిటినీ పల్పర్‌లో వేశారనుకున్నా తొక్క 26 వేల టన్నులు. గ్యాస్ 13 లక్షల ఘనపు మీటర్లు. శుద్ధి చేసినది 520 టన్నులు. 2018 ధరకు దాని విలువ రూ.2 కోట్ల 40 లక్షలు.

రోజుకు 5 టన్నుల శుద్ధ గ్యాస్ తయారు చేసే ప్లాంటు ఏడాదిలో 330 రోజులు నడిస్తే 1,650 టన్నులు కావాలి. అంటే పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, అరకు, అనంతగిరి కొండలన్నిటి తొక్కను ఊడ్చి తెచ్చినా ఒక్క ప్లాంటుకు మూడో వంతు కూడా నిండదు. నిజానికి అంత తొక్క దొరకదు. గిరిజన రైతులలో చాలామంది పండ్లను పల్పర్‌కు పంపకుండా అలాగే ఎండబెట్టి అమ్ముతున్నారు. ఆ పద్ధతిలో తొక్క ఎండి గింజను అంటిపెట్టుకుని ఉంటుంది, తొట్టెకు రాదు. కాబట్టి కాఫీ తొక్కను నమ్ముకుని మన్యంలోగాని, ఘాట్ దిగువనగాని పెద్ద ప్లాంటు పెట్టడం పొసగదు.

చలికాలపు చిక్కు

మీథేన్ తయారు చేసే జీవులకు 35 డిగ్రీల వేడి అనుకూలం. 20 డిగ్రీల దిగువన మందగిస్తాయి. 10 డిగ్రీల దగ్గర పని దాదాపు ఆగిపోతుంది. అరకు లోయ సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్నది. చింతపల్లి, లంబసింగి ప్రాంతాల చలి రాష్ట్రమంతటికీ తెలిసినదే. చిక్కేమంటే కాఫీ కోత నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సాగుతుంది. తొక్క పుష్కలంగా దొరికే కాలమే చలి ముదిరే కాలం. తొక్క లేని ఏప్రిల్, మే నెలలలో తొట్టె వెచ్చగా ఉంటుంది.

గోబర్ గ్యాస్ ప్రమాణాలలో దక్షిణాది రాష్ట్రాలకు 30 రోజుల నిలవ, ఉత్తరాది చలి ప్రాంతాలకు 55 రోజుల నిలవ చొప్పున తొట్టె కొలతలు నిర్ణయించారు. మన్యం దక్షిణాదిలో ఉన్నా దాని చలికాలం మైదానానిది కాదు. 30 రోజుల తొట్టె కడితే తొక్క సగం అరిగి బయటికి వస్తుంది. 50 రోజులకు కడితే ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది. తొక్కకు ఆమ్ల గుణం కూడా ఉన్నది. ఒక్కసారిగా ఎక్కువ పోస్తే తొట్టె పులిసిపోయి గ్యాస్ నిలిచిపోతుంది. పేడతో మొదలుపెట్టి, తొక్కను కొద్దికొద్దిగా పెంచుతూ, అవసరమైతే సున్నం కలుపుతూ పోవాలి.

పల్పర్ పక్కనే తొట్టె

లారీ లెక్కలో ఓడిన తొక్క, కదలకుండా ఉన్నచోట వాడితే గెలుస్తున్నది. రోజుకు 2 టన్నుల పండ్లు ఆడించే పల్పర్ కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. 8 క్వింటాళ్ల తొక్క, 40 ఘనపు మీటర్ల గ్యాస్ వస్తాయి. వంటకు తలకు రోజుకు పావు ఘనపు మీటరు చొప్పున ఇది 160 మందికి సరిపోతుంది. రోజుకు 17 కిలోల వంటగ్యాస్ మిగిలినట్టే. ఇక్కడ గ్యాస్‌ను శుద్ధి చేయనక్కరలేదు, సిలిండర్లలో నింపనక్కరలేదు, ఘాట్ దింపనక్కరలేదు. పైగా కొండ మీదికి సిలిండరు ఎక్కించే కిరాయి కూడా తప్పుతుంది. మైదానంలో విలువను తినివేసిన దూరమే ఇక్కడ విలువను పెంచుతున్నది. పెద్ద వంటశాలలున్న ఆశ్రమ పాఠశాలలు, వసతి గృహాలు ఇందుకు తగిన చోట్లు. కోత కాలం దాటిన తర్వాత పేడ, వంటశాల వ్యర్థం తొట్టెకు ఆధారం కావాలి. అయితే మన్యం పశువులు కొండల వెంట మేస్తాయి గనుక పేడ ఒకచోట దొరకదు. పశువులను రాత్రి కట్టివేసే ఊళ్లలోనే ఇది సాధ్యం.

గ్యాస్‌తో కాఫీని ఆరబెట్టవచ్చునా అన్న ప్రశ్న వర్తకులకు ముఖ్యమైనది. కోత కాలంలో తుపాను వాన పడితే గింజ రంగు, రుచి పోయి ధర పడిపోతుంది. 2 టన్నుల పండ్ల నుంచి వచ్చిన పచ్చి పార్చ్‌మెంట్‌ను ఎండబెట్టడానికి సుమారు 400 కిలోల నీటిని ఆవిరి చేయాలి. వృథా కూడా కలుపుకుంటే దీనికి 4 లక్షల కిలో కేలరీలు కావాలి. 40 ఘనపు మీటర్ల గ్యాస్ ఇచ్చేది 2 లక్షల లోపే. కాబట్టి ఎండకు గ్యాస్ బదులు కాలేదు. ముసురు పట్టిన నాలుగు రోజులు సరకు పాడవకుండా ఆదుకోగలదు. ఒక్క ముసురులో నిలబడిన సరకు నాణ్యత గ్యాస్ అమ్మకపు రాబడి కంటే విలువైనది కావచ్చు.

పల్పర్ నుంచి పారే నీరు మరొక కారణం. పండ్లు కడిగిన నీటిలో చక్కెర, జిగురు ఉంటాయి. అది గెడ్డలో కలిస్తే నీటిలోని ప్రాణవాయువు హరించుకుపోతుంది. దిగువ ఊళ్లవారు తాగేది ఆ గెడ్డ నీళ్లే. మధ్య అమెరికాలోని నికరాగ్వా, హోండురాస్, గ్వాటెమాలా దేశాలలో 2010 తర్వాత యూట్జ్ సంస్థ కాఫీ తోటలలో ఇటువంటి తొట్టెలు పెట్టించింది. కడిగిన నీటిని శుభ్రపరచడం, దానితోపాటు గ్యాస్ తీయడం అక్కడి ఉద్దేశం. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. పేరు మీద ధర పలికే సరకుకు నీటి మచ్చ అంటకుండా చూసుకోవడం కూడా వ్యాపారమే.

కర్ర పొట్టు దారి వేరు

తొట్టెకు పనికిరాని కర్ర వ్యర్థానికి వేరే యంత్రం ఉన్నది. ఎండు కర్ర ముక్కలను తక్కువ గాలిలో మండిస్తే వచ్చేది ప్రొడ్యూసర్ గ్యాస్. ఇది పులియబెట్టగా వచ్చినది కాదు, కాల్చగా వచ్చినది. కిలో కర్రకు 2 నుంచి 2.5 ఘనపు మీటర్లు వస్తుంది గాని అందులో సగం మండని నత్రజనే. ఘనపు మీటరుకు 1,000 నుంచి 1,200 కిలో కేలరీలు మాత్రమే. బయోగ్యాస్‌కు 4,700. కనుక దీనిని సిలిండరులో నింపి అమ్మడం కుదరదు. పుట్టినచోటే పొయ్యికిగాని, ఇంజనుకుగాని పెట్టాలి. సుమారు 1.2 నుంచి 1.4 కిలోల కర్రకు ఒక యూనిట్ కరెంటు వస్తుంది. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ 1988లో కర్ణాటకలోని హోసహళ్లి గ్రామానికి ఈ పద్ధతిలో దీపాలు వెలిగించింది. ఈ గ్యాస్‌లో బొగ్గు విషవాయువు ఐదో వంతు దాకా ఉంటుంది. మూసిన గదిలో కారితే ప్రాణాపాయం.

రంపపు పొట్టు ఈ యంత్రానికి కూడా నేరుగా పనికిరాదు. ఇటుకల్లా అచ్చు వేయాలి. ఇంతకంటే తేలికైన దారి ఏమంటే, కొమ్మలను, కాఫీ గింజపై నుంచి వచ్చే ఎండు పొట్టును మంచి పొయ్యిలో కాల్చి, ఆ వేడితో కాఫీ ఆరబెట్టడం, చలికాలంలో తొట్టెలో పోసే నీటిని వెచ్చబెట్టడం. తొట్టెలోకి పోకూడని కర్ర, తొట్టె పక్కన పొయ్యిలో దాని లోటు తీరుస్తుంది.

పాత పాఠం

వ్యర్థం ఎప్పుడూ ఉచితంగా దొరుకుతుందని నమ్మినవారికి 2000 దశకంలో మైదాన జిల్లాలు గుణపాఠం నేర్పాయి. ఊక, తుమ్మ కర్ర, పత్తి కట్టె కాల్చి కరెంటు తీసే కేంద్రాలు అప్పట్లో వరుసగా వెలిశాయి. కట్టే ముందు అగ్గువగా దొరికిన ఊక, కేంద్రాలు నడవడం మొదలుపెట్టగానే ప్రియమైంది. ఇటుక బట్టీలు, మిల్లులు పోటీకి వచ్చాయి. కరెంటు ధర మాత్రం ఉత్తర్వులకు కట్టుబడి ఉన్నది. సరకు ధర పెరిగి, అమ్మకపు ధర పెరగక అనేక కేంద్రాలు మూతపడ్డాయి. కొనేవాడు వచ్చిన మరుక్షణం వ్యర్థం సరకు అవుతుంది. మన్యం తొక్కకు కూడా ఇదే వర్తిస్తుంది. దానికి ఇప్పటికే ఒక గిరాకీ ఉన్నది. అదే కాఫీ మొక్క వేరు. అరకు ప్రాంతంలో నాంది సంస్థతో పనిచేస్తున్న రైతులు సేంద్రియ ఎరువుతోనే తోటలు పెంచుతున్నారు. తొక్క కొండ దిగిపోతే దానితోపాటు ఎరువు కూడా దిగిపోయినట్టే. తొట్టెలో వాడితే గ్యాస్ పోయినా నత్రజని, పొటాష్ స్లర్రీలో మిగిలి తోటకు చేరతాయి.

చట్టాల హద్దు

ఇది షెడ్యూల్డు ప్రాంతం. 1970 నాటి ఒకటవ నంబరు రెగ్యులేషన్ ప్రకారం గిరిజనేతరులకు ఇక్కడ భూమి బదలాయింపు చెల్లదు. ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం కూడా కుదరదని 1997లో సమతా కేసులో సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది. కాబట్టి మైదాన వర్తకుడు కొండ మీద స్థలం కొని ప్లాంటు పెట్టే ప్రసక్తి లేదు. తొట్టె గిరిజన రైతులదో, వారి సహకార సంఘానిదో, ప్రభుత్వ సంస్థదో కావాలి. 1956 నుంచి గిరిజన సహకార సంస్థ, ఆ తర్వాత పాడేరు ఐటీడీఏ ఈ ప్రాంతపు క్రయవిక్రయాలలో, కాఫీ విస్తరణలో పాలుపంచుకుంటున్నాయి. కర్ర కొనేవారు నరికివేత, రవాణా పత్రాలను అటవీ నిబంధనల ప్రకారం సరిచూసుకోవాలి.

2025లో అరకు ప్రాంతపు తోటలలో కాఫీ కాయతొలుచు పురుగు బయటపడింది. సోకిన కాయలను కోసి నాశనం చేయవలసి వచ్చింది. ఒక తోట పండ్లు, తొక్క మరొక తోట పక్కకు చేరవేయడం పురుగుకు బండి కట్టడమే. తొక్కను ఉన్నచోటే వాడాలనడానికి ఇది మరొక కారణం.

వర్తకులకు మిగిలేది

ఈ లెక్కలన్నిటి సారాంశం ఏమంటే, మన్యంలో గ్యాస్ ఉన్నది గాని అమ్మకపు సరకుగా లేదు, ఆదాగా ఉన్నది. తొక్కను టన్నుల లెక్కన కొని దింపడం నష్టం. గ్యాస్‌ను కొని దింపడానికి తగినంత గ్యాస్ లేదు. అయితే వర్తకానికి చోటే లేదనడం సరికాదు. తొట్టె సామగ్రి, గ్యాస్ పొయ్యిలు, గంధక వాయువును పట్టే వడపోత, పైపులు, ఆరబెట్టే యంత్రాలు కొండ మీదికి ఎక్కవలసినవి. ముసురులో కూడా రంగు చెడని పార్చ్‌మెంట్, మిరియాలు కొండ మీది నుంచి దిగవలసినవి. ఈ రెండు వైపులా బేరం ఉన్నది.

వ్యర్థాలు కొంటామని వచ్చే ప్రతిపాదనను నాలుగు ప్రశ్నలతో తూచవచ్చు. తేమ ఎంత? సరకు ఏడాదిలో ఎన్ని రోజులు దొరుకుతుంది? ఎంత దూరం నుంచి రావాలి? ఇప్పుడు దానిని ఎవరు, దేనికి వాడుతున్నారు? ఈ నాలుగింటికీ జవాబు అంకెలలో రాని బేరానికి బయానా ఇవ్వకపోవడమే మేలు. జవాబులు వచ్చినచోట, బహుశా అది పల్పర్ పక్కన ఒక చిన్న తొట్టె కావచ్చు, దానిని రైతుల సంఘం చేతిలో ఉంచి, అక్కడి నుంచి వచ్చే మంచి కాఫీకి మంచి ధర కట్టడమే వర్తకుడికి గిట్టుబాటు.